దివ్యాంగ విద్యార్థులు – పబ్లిక్ పరీక్షలు

చదువులో వెనకబడని విద్యార్థి చూపు తక్కువనో, చెయ్యి వణుకుతుందనో, అక్షరాలు తారుమారవుతాయనో పరీక్షలో వెనకబడకుండా చేసే ఏర్పాట్లను పరీక్షా సదుపాయాలు అంటారు. సమాధానాలు రాసిపెట్టే స్క్రైబ్, అదనపు సమయం, బ్రెయిలీ లేదా పెద్ద అక్షరాల ప్రశ్నపత్రం, కంప్యూటర్, భాషా పేపరు నుంచి మినహాయింపు, నేల అంతస్తులో గది వీటిలో ముఖ్యమైనవి. సిలబస్ మారదు, ప్రశ్నల స్థాయి తగ్గదు. విద్యార్థికి తెలిసినది కాగితం మీదికి వచ్చే దారి ఒక్కటే మారుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో వీటి అవసరం ఎక్కువగా కనిపించేది పదో తరగతి, ఇంటర్మీడియట్ పబ్లిక్ పరీక్షల్లో. ఇంటర్ మార్కులు డిగ్రీ సీటుకు ఆధారం. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. అందుకే ఆ మూడు గంటల్లో జరిగిన లోటు తర్వాతి చదువునంతా వెంటాడుతుంది.

చోడవరం లాంటి మండల కేంద్రం నుంచి చూస్తే ఈ వ్యవస్థ బలం, బలహీనత రెండూ బాగా తెలుస్తాయి. చెరకు, బెల్లం, గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరుతో తెలిసిన ఈ ఊరు 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ రోజు ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. విశాఖ సుమారు 50 కిలోమీటర్లు. మాడుగుల మీదుగా పాడేరు ఏజెన్సీకి వెళ్లే దారి ఇటే. చట్టం ఇచ్చిన హక్కులు ఢిల్లీలోనూ చోడవరంలోనూ ఒక్కటే. వాటిని చేతికి తెచ్చుకునే పనికి పట్టే రోజులు, బస్సు ఛార్జీలు, ఆసుపత్రి తిరుగుళ్లు మాత్రం ఒక్కటి కావు.

చట్టం నడిచిన దారి

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. అంధులకు, దృష్టిలోపం ఉన్నవారికి విద్యాసంస్థలే స్క్రైబ్‌ను సమకూర్చాలని అందులోనే ఉంది. భారతదేశం 2007 అక్టోబరు 1న ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించాక ఆ చట్టం చాలదని తేలింది. 2016 డిసెంబరులో ఆమోదం పొంది 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు, ఆటిజం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వ్యాధి ఇందులో చేరాయి. సికిల్ సెల్ ఏజెన్సీ గిరిజన కుటుంబాలను బాధిస్తున్న జబ్బు కనుక ఈ ప్రాంతానికి అది చిన్న మార్పు కాదు.

ఈ చట్టంలోని 17వ సెక్షన్ పరీక్షల గురించి నేరుగా మాట్లాడుతుంది: అదనపు సమయం, స్క్రైబ్, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు ఇస్తూ పరీక్షా విధానంలో తగిన మార్పులు చేయాలి. 32వ సెక్షన్ ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంటుంది. ఆ సీట్లకు, స్క్రైబ్‌కు మొదట ఒకే గీత ఉండేది. దాని పేరు బెంచ్‌మార్క్ వైకల్యం, అంటే 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం.

పరీక్ష విషయంలో ఆ గీతను సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న చెరిపేసింది. వికాస్ కుమార్ అనే సివిల్ సర్వీసెస్ అభ్యర్థికి రైటర్స్ క్రాంప్ ఉంది, కలం పట్టి రాయబోతే వేళ్లు బిగుసుకుపోయే స్థితి. నిబంధనల్లో లేదంటూ యూపీఎస్సీ ఆయనకు స్క్రైబ్‌ను నిరాకరించింది. సీట్ల రిజర్వేషన్‌కు పెట్టిన 40 శాతం షరతును రాసే సదుపాయానికి అడ్డం పెట్టకూడదని ధర్మాసనం తేల్చింది. 40 శాతం లోపు వైకల్యం ఉండి రాయలేని వారి కోసం కేంద్రం 2022 ఆగస్టు 10న విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది.

సదరం, పింఛను, పరీక్ష

సదుపాయాలన్నిటికీ మొదటి మెట్టు వైద్య ధ్రువపత్రం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలంలో మొదలైన సదరం విధానంలో స్లాట్ బుక్ చేసుకుని, ప్రభుత్వాసుపత్రి క్యాంపులో వైద్యుల ముందు హాజరైతే వైకల్య శాతం నిర్ణయిస్తారు. దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు ఇప్పుడు దీనికి తోడైంది. 40 శాతం లోపు ఉంటే తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆపైన ఉంటే నీలం రంగు గీతతో ఆ కార్డు వస్తుంది.

చోడవరం కుటుంబానికి దగ్గర్లోని పెద్దాసుపత్రి అనకాపల్లిలోని ఎన్టీఆర్ ఆసుపత్రి. కంటి లోపానికి విశాఖలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి, వినికిడికి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి, మానసిక, మేధోపరమైన ఇబ్బందులకు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి చోట్లకు వెళ్లాల్సి రావచ్చు. కూలికి వెళ్లే తల్లికి ఒక్కో తిరుగుడు ఒక రోజు కూలి.

పల్లెల్లో సదరం అంటే పింఛను కాగితమనే పేరు పడిపోయింది. పింఛనుకు సరిపడా శాతం రాకపోతే ఆ కాగితాన్ని ఇంట్లో ఎవరూ లెక్కచేయరు. ముప్పై శాతం రాసిచ్చారంటే "రాలేదు" అనే చెప్పుకుంటారు. 2021 తీర్పు తర్వాత పరీక్షల దృష్టిలో ఆ ముప్పై శాతం కాగితానికీ విలువ ఉంది. చేతి సమస్య వల్ల రాయలేనని ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువీకరిస్తే దాని ఆధారంగా స్క్రైబ్‌ను అడగవచ్చు. ఈ సంగతి చాలా ఇళ్లకు చేరలేదు.

అభ్యసన వైకల్యాల సంగతి ఇంకా చిక్కు. కేంద్రం 2018 జనవరిలో ఇచ్చిన నిబంధనల ప్రకారం మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు మొదటి పరీక్ష జరగాలి, 14, 18 ఏళ్లకు మళ్లీ చూడాలి. అంచనాకు బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షల సముదాయాన్ని వాడతారు. ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదేళ్లకు అక్షరాలు తిరగరాసే పిల్లవాణ్ని "మొద్దు" అని వదిలేస్తే, పదో తరగతి ఫీజు కట్టే నాటికి చూపించడానికి కాగితమంటూ ఏదీ ఉండదు. సమగ్ర శిక్ష కింద మండల కేంద్రాల్లో నడిచే భవిత కేంద్రాలు, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు ఇలాంటి పిల్లలను ముందే గుర్తించగల స్థానంలో ఉన్నారు.

నామినల్ రోల్ అనే గడప

పరీక్ష మార్చిలో జరిగినా సదుపాయం ఖాయమయ్యేది అంతకు నెలల ముందు, స్కూలు ఆఫీసు కంప్యూటర్ ముందు. ప్రధానోపాధ్యాయుడు ఆన్‌లైన్‌లో నింపే నామినల్ రోల్‌లో విద్యార్థి పేరు, పుట్టిన తేదీ, మాధ్యమం, భాషలతో పాటు వైకల్యం వివరం కూడా నమోదు చేయాలి. ఆ గడి ఖాళీగా పోతే బోర్డు లెక్కలో ఆ పిల్ల మామూలు అభ్యర్థే. హాల్ టికెట్ వచ్చాక, గదులు కేటాయించాక సరిదిద్దాలంటే జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం చుట్టూ తిరగాలి. ఇంటర్‌లో కళాశాల ప్రిన్సిపాల్ ద్వారా బోర్డుకు దరఖాస్తు వెళుతుంది.

స్కూలు గుమాస్తా ఏటా వందల పేర్లు ఎక్కిస్తాడు, ఆ ఒక్క గడి ఎవరికి అవసరమో ఆయనకు తెలియకపోవచ్చు. క్లాసు టీచరుకు తెలుస్తుంది. అమ్మానాన్నలకు తప్పక తెలుస్తుంది.

స్క్రైబ్: రాసేవారు ఒకరు, చెప్పేవారు ఒకరు

స్క్రైబ్ ఎవరై ఉండాలన్న ప్రశ్నపై కేంద్రం రెండుసార్లు రెండు రకాలుగా ఆలోచించింది. 2013 ఫిబ్రవరి 26 మార్గదర్శకాలు స్క్రైబ్‌కు చదువు, వయసు, మార్కుల పరిమితులు పెట్టొద్దని, కావాలంటే నిఘా పెంచమని చెప్పాయి. 2018 ఆగస్టు 29న వచ్చిన సవరణ అటునుంచి వెనక్కి తిరిగింది: అభ్యర్థి తనే తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కన్నా ఒక మెట్టు తక్కువ ఉండాలి. 2025లో వచ్చిన సవరణలు పరీక్షా సంస్థలే శిక్షణ ఇచ్చిన స్క్రైబ్‌ల జాబితా తయారుచేసుకోవాలనే దిశగా నడిచాయి.

అంధులు, రెండు చేతులూ పనిచేయని వారు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు కోరితే స్క్రైబ్‌ను ఇవ్వాల్సిందే. మిగతా వారు తాము రాయలేమని ప్రభుత్వ వైద్యాధికారి ఇచ్చిన పత్రం జతచేయాలి. స్క్రైబ్‌ను పరీక్షా సంస్థ కేటాయిస్తే పరీక్షకు రెండు రోజుల ముందే కలిసి, సరిపోతారో లేదో చూసుకునే అవకాశం అభ్యర్థికి ఉండాలి. ఆఖరి నిమిషంలో స్క్రైబ్‌కు జ్వరం వస్తే మార్చుకోనివ్వాలి. భాషకో స్క్రైబ్ కావాలన్నా ఒప్పుకోవాలి.

పదో తరగతి పరీక్షకు సాధారణంగా తొమ్మిదో తరగతి విద్యార్థి స్క్రైబ్‌గా వస్తాడు. అభ్యర్థికీ అతనికీ విడిగా గది, ఒక ఇన్విజిలేటర్. ప్రశ్న చదివి వినిపించాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి, తన తెలివి చూపకూడదు. తెలుగు, సాంఘిక శాస్త్రం పేపర్లలో ఇది ఫర్వాలేదు. గణితం దగ్గరికి వచ్చేసరికి నోటితో చెప్పడంలోనే చిక్కు ఉంది. అభ్యర్థి "ఒకటి బై ఎక్స్ ప్లస్ రెండు" అంటాడు. రెండు హారంలో ఉందా, బయట ఉందా? అభ్యర్థి మనసులో ఒకటి ఉంటుంది, కాగితం మీద ఇంకొకటి పడుతుంది, దిద్దేవారికి కనబడేది తప్పు లెక్క. అనుభవం ఉన్న విద్యార్థులు "బ్రాకెట్ తెరువు, ఎక్స్ ప్లస్ రెండు, బ్రాకెట్ మూయి, అంతా కింద" అని పలకడం ముందే సాధన చేస్తారు. స్క్రైబ్‌తో కలిసి కనీసం రెండు మూడు పాత పేపర్లు రాసి చూడాలని ప్రత్యేక ఉపాధ్యాయులు చెప్పేది ఇందుకే.

తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లిదండ్రుల వైపు నుంచి కూడా అభ్యంతరం వస్తుంది. వారం పైగా తమ బిడ్డ వేరొకరి పరీక్ష రాయడం వారికి నచ్చకపోవచ్చు. పరీక్షకు ముందు వారాల్లో చిన్న ఊళ్లలో స్క్రైబ్ కోసం వెతుకులాట మామూలే.

గంటకు ఇరవై నిమిషాలు

2018 మార్గదర్శకాల ప్రకారం స్క్రైబ్‌కు అర్హులైన ప్రతి ఒక్కరికీ, స్క్రైబ్‌ను వాడినా వాడకపోయినా, గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. మూడు గంటల పేపరుకు అది గంట అవుతుంది. ఉదయం 9 నుంచి 12 వరకు జరిగే ఇంటర్ పరీక్ష ఈ విద్యార్థులకు ఒంటిగంటకు ముగుస్తుంది. బ్రిటన్ పరీక్షల్లో సాధారణంగా ఇచ్చే అదనపు సమయం 25 శాతం. అమెరికాలో 50 శాతం, అవసరాన్ని బట్టి 100 శాతం. భారత్ లెక్క 33 శాతం.

కాగితం మీద గంట ఉంటే చాలదు, సెంటర్‌లో ఉన్నవారికి ఆ సంగతి తెలియాలి. 2021 సెప్టెంబరు నీట్‌లో డిస్‌గ్రాఫియా ఉన్న అవ్ని ప్రకాశ్ అనే విద్యార్థిని నుంచి ఆ అదనపు గంట ఇవ్వకుండానే పేపరు లాగేసుకున్నారు. అదే ఏడాది నవంబరు 23న సుప్రీంకోర్టు జాతీయ పరీక్షల సంస్థను తప్పుబట్టింది. జరిగిన అన్యాయాన్ని ఎలా సరిదిద్దుతారో వారంలోగా తేల్చమంది, సెంటర్ సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని, నిబంధనలను సమాచార పుస్తకంలో స్పష్టంగా అచ్చువేయాలని చెప్పింది. మళ్లీ పరీక్ష పెట్టమని మాత్రం ఆదేశించలేదు. పోయిన గంట పోయిందే.

బ్రెయిలీ, టేలర్ ఫ్రేమ్, ల్యాప్‌టాప్

లూయీ బ్రెయిలీ 1829లో ప్రచురించిన ఆరు చుక్కల లిపికి మన భాషల రూపం భారతీ బ్రెయిలీ. 1951లో స్థిరపడిన ఈ పద్ధతిలో తెలుగు అక్షరాలకూ చుక్కలున్నాయి. అంకెలు, లెక్కల కోసం రంధ్రాల పలకలో చిన్న మేకులు గుచ్చే టేలర్ ఫ్రేమ్‌ను అంధుల పాఠశాలల్లో వాడతారు. టేలర్ ఫ్రేమ్, బ్రెయిలీ పలక, అబాకస్, మాట్లాడే కాలిక్యులేటర్, రేఖాగణిత పెట్టె వంటి వాటిని పరీక్ష హాలుకు తీసుకెళ్లడానికి 2018 మార్గదర్శకాలు అనుమతిస్తాయి. వీటిని చూసిన ఇన్విజిలేటర్ "ఇదేమిటి, బయట పెట్టు" అనకుండా ఉండాలంటే మార్గదర్శకాల ప్రతి ఒకటి హాల్ టికెట్‌తో పాటు జేబులో ఉండటం మేలు.

కొత్త దారి కంప్యూటర్. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా పలుకుతుంది. అనంతపురం జిల్లా బుక్కరాయసముద్రంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) ఇన్‌క్లూజివ్ పాఠశాల నుంచి చూపులేని విద్యార్థినులు పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో స్క్రైబ్ లేకుండా ల్యాప్‌టాప్‌పై తామే సమాధానాలు టైప్ చేశారు. ఈ పద్ధతిలో రాసిన తప్పు, రాసిన ఒప్పు రెండూ విద్యార్థివే. కంప్యూటర్‌ను ఒకరోజు ముందే పరీక్షించుకునే వీలు ఉండాలని మార్గదర్శకాల్లో ఉంది. ఇది పల్లెలకు రావాలంటే ల్యాప్‌టాప్ ఒక్కటే చాలదు, ఆరో తరగతి నుంచే టైపింగ్ అలవాటు చేయాలి.

సైన్స్ తలుపు తెరిచిన కేసు

మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా పుట్టు అంధుడు. పదో తరగతిలో 90 శాతం పైగా మార్కులు వచ్చినా, అంధులు ఇంటర్‌లో సైన్స్ తీసుకోకూడదనే అప్పటి నియమం అడ్డొచ్చింది. ఉపాధ్యాయుల అండతో కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చుకుని చదివి ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. ఐఐటీ కోచింగ్ సెంటర్లు కాదన్నాక అమెరికాలోని ఎంఐటీలో చేరాడు, 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించాడు. 2024లో ఆయన జీవితంపై హిందీ సినిమా వచ్చింది.

సినిమా చూసినవారికి ఆయన పట్టుదల గుర్తుంటుంది. పరీక్షల చరిత్రలో మాత్రం ఆ కేసు వేరే కారణానికి ముఖ్యం. పరీక్ష రాసే పద్ధతిపై వాదించే ముందు, ఏ పరీక్ష రాయాలో ఎంచుకునే హక్కు కోసం ఒక తెలుగు విద్యార్థి పోరాడాల్సి వచ్చింది. ఇంటర్ ప్రాక్టికల్స్, పటాలు, గ్రాఫులు నేటికీ చూపులేని విద్యార్థులను ఆర్ట్స్ గ్రూపుల వైపు నెడుతున్నాయి. సీబీఎస్ఈ బొమ్మలున్న ప్రశ్నల స్థానంలో వేరే ప్రశ్నలు ఇస్తూ ఒక దారి చూపింది.

భాషా మినహాయింపు అన్ని విధాలా లాభమే అనుకోవడం సరికాదు. పుట్టుకతో వినపడని పిల్లలకు మూడు భాషల భారం తగ్గడం న్యాయమే. అయితే ఏ భాష వదులుకుంటున్నారో, ముందు చదవబోయే కోర్సుకు, ఉద్యోగానికి ఆ భాష కావాలో లేదో చూసుకుని సంతకం చేయాలి.

హాలు దాకా, హాల్లో

చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థికి మేడ మీద గది ఇస్తే చట్టం గడప దగ్గరే ఆగిపోతుంది. ర్యాంపు వాలు 1:12 దాటకూడదు. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. చాలాచోట్ల మెట్ల పక్కన సిమెంటు పూసి ర్యాంపు అనిపించుకున్నవి ఈ లెక్కకు నిలవవు. మరుగుదొడ్డి ఎక్కడుంది, తలుపు ఎంత వెడల్పు అన్నది నాలుగు గంటలు కూర్చునే పిల్లకు ప్రశ్నపత్రమంత ముఖ్యం.

పదో తరగతి పరీక్షల రోజుల్లో హాల్ టికెట్ చూపితే ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం ఉంది. అదనపు గంట తర్వాత బయటికి వచ్చేవారికి తోటి పిల్లలు ఎక్కిన బస్సు దొరకదు, తర్వాతి బస్సు ఎప్పుడో ముందే కనుక్కోవాలి. సికిల్ సెల్ ఉన్నవారికి ఒంట్లో నీరు తగ్గడం ప్రమాదం, నీళ్ల సీసాకు అనుమతి ముందే తీసుకోవాలి. టైప్ 1 మధుమేహం 21 వైకల్యాల జాబితాలో లేకపోయినా, సీబీఎస్ఈ 2017లో ఆ పిల్లలకు చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్లు హాలుకు తీసుకెళ్లే వీలు కల్పించింది.

సముద్రాల అవతల

అమెరికా తెలుగు కుటుంబాల పిల్లలు హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్ తెచ్చుకోవడానికి రాసే పరీక్ష అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. 1950ల మధ్యలో మొదలైన దీన్ని కాలేజ్ బోర్డు ఏటా మే నెలలో జరుపుతుంది. స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, 3 లేదా ఆపైన వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. ఇక్కడ నామినల్ రోల్ ఎంతో అక్కడ స్కూలులోని దివ్యాంగ విద్యార్థుల సేవల (ఎస్ఎస్‌డీ) సమన్వయకర్త అంత. స్కూల్లో ప్రత్యేక విద్యా ప్రణాళిక ఉన్నంత మాత్రాన మే పరీక్షకు సదుపాయం దానంతటదే రాదు, కాలేజ్ బోర్డు అనుమతి విడిగా కావాలి. మే పరీక్షలకు దరఖాస్తు గడువు జనవరిలోనే ముగుస్తుంది, పరిశీలనకు ఏడు వారాల వరకు పట్టవచ్చు. ఒకసారి అనుమతి వస్తే శాట్‌కూ అదే చెల్లుతుంది. అదనపు సమయంతో రాసినవారి స్కోరు పక్కన గుర్తు పెట్టే పాత అలవాటు, చేతులు లేని మార్క్ బ్రైమ్‌హార్స్ట్ వేసిన కేసు 2001లో రాజీ అయ్యాక క్రమంగా పోయింది.

రెండు దేశాల చట్టాలు, పరీక్షలు వేరు. గడువు దాటిపోవడం వల్ల నష్టపోయే తీరు మాత్రం టెక్సస్‌లోనూ చోడవరంలోనూ ఒకటే.

ఏ నెలలో ఏ పని

మార్చి పరీక్షకు సిద్ధమయ్యే కుటుంబం వేసవి సెలవుల్లోనే సదరం స్లాట్ బుక్ చేసుకోవాలి. జూన్, జూలైలో ధ్రువపత్రం ప్రతి బడికి ఇచ్చి రసీదు తీసుకోవాలి. నామినల్ రోల్ పంపే ముందు ప్రింటు అడిగి, వైకల్యం గడి, భాషా మినహాయింపు గడి కళ్లారా చూడాలి. స్క్రైబ్‌ను డిసెంబరుకల్లా ఖాయం చేసుకుని, ఇంకొకరిని అదనంగా సిద్ధంగా ఉంచుకుని, సంక్రాంతి తర్వాత కలిసి పాత పేపర్లు రాయాలి. హాల్ టికెట్ రాగానే సెంటరుకు వెళ్లి చీఫ్ సూపరింటెండెంట్‌కు అనుమతి పత్రం చూపి, గది ఏ అంతస్తులో ఉందో అడగాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటీ పరీక్ష ముందు వారంలో మొదలుపెడితే పూర్తికాదు. పదో తరగతిలోకి వచ్చిన దివ్యాంగ విద్యార్థి ఎవరైనా మీ వీధిలో ఉంటే, ఆ ఇంటివారికి ఈ నెలల లెక్క ఇప్పుడే చెప్పండి.